ఆవాకు హితాహితములు

ఆహారద్రవ్యములలో ఏ వర్గమునందు ఏది మిక్కిలి హితమో, ఏది మిక్కిలి అహితమో తెలుపు పట్టిక యొకటి చరకసంహిత సూత్రస్థానమున కలదు. అందు శాకములన్నిటిలో శ్రేష్ఠమైనది జీవంతి యనియు, శాకములన్నిటిలో అపథ్యతమమైనది సర్షపశాకము, అనగా మన ఆవాకు అనియు ఆచార్యుడు నిర్ణయించి యున్నాడు. ఇంతటి తీర్పునకు గురియైన ఆ యాకే పంజాబుసీమలో కార్తికము మొదలు మాఘము వరకు ఇంటింట పొయ్యిమీద గంటలతరబడి ఉడుకుచుండును. చలికాలమున దానిని తినని రైతుకుటుంబము ఆ సీమలో అరుదు. ఈ రెండింటిలో ఒకటి పొరపాటని త్రోసిపుచ్చుట సులభమే గాని నాకట్లు తోచదు. ఆచార్యుడు తీర్పు చెప్పినది ఒంటి ఆకునుగూర్చి. పంజాబు ఇల్లాలు దానిని ఏనాడును ఒంటిగా వండదు. సర్సోం కా సాగ్ అను ఆ వంటకములోని ఆరోగ్యమంతయు ఆ కలయికలోనే యున్నదని నా విశ్వాసము.

బెంగళూరు మారతహళ్ళిలో కాపురముండు తెలుగువారికి ఇది దూరదేశపు ముచ్చట గాదు. 1940లో వాల్చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానపు తోడ్పాటుతో స్థాపించిన విమాన కర్మాగారము ఈ ప్రాంతమునకు పొరుగున వెలసిననాటినుండి, వైమానికదళపు ఉద్యోగములతో ఉత్తరాదివారు ఇచ్చటికి వచ్చుచునే యుండిరి; పిమ్మట రింగురోడ్డు పొడవున సాఫ్ట్‌వేర్ కార్యాలయములు బారులు తీరగా, గుంటూరు, కడప, వరంగల్లు యువకులును, లూధియానా, అమృతసర్ యువకులును ఒకే అపార్ట్‌మెంటులో ఎదురెదురు గుమ్మములవారైరి. ఒకే వీథిలో ఆంధ్రా మెస్సును, పంజాబీ ఢాబాయు ప్రక్కప్రక్కనే కనుపట్టును. ఇచ్చటి చలి పంజాబు చలి వంటిది గాదు. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్న ఈ నగరమున డిసెంబరు రాత్రులు 15, 16 డిగ్రీలకు దిగునే గాని, గోధుమచేలపై మంచు గడ్డకట్టు శీతలము ఎరుగదు. ఐనను ఆవమొక్క లేత ఆకులు తొడుగుటకు ఆ మాత్రపు చల్లదనము చాలును. గనుకనే నవంబరు గడచినది మొదలు వర్తూరు రోడ్డు ప్రక్కన నిలుచు ఆకుకూరల బండ్లపై, తోటకూర, మెంతికూర, పాలకూర కట్టల నడుమ అంచులు చిరుగుచిరుగుగా నుండి, లేత పసుపుపచ్చని పూమొగ్గలతో కూడిన కట్ట యొకటి చేరును.

ఆ బండ్లవారిలో కోలారు, చింతామణి ప్రాంతములనుండి వచ్చినవారు పెక్కురు తెలుగే మాటలాడుదురు. "ఇది ఏమాకమ్మా?" అని అడిగిన గృహిణికి, "సాసవుల సొప్పక్కా, హిందీవాళ్లు రోజూ తీసుకుపోతారు, నువ్వు పప్పులో వేసి చూడు" అని బండియామె సమాధానము చెప్పి, అడుగకయే ఒక కట్టను సంచిలో వేయును. ఆ గృహిణి ఇంటికి వచ్చి దానిని కందిపప్పులో వేసి యుడికించినచో, ముక్కునకెక్కు ఘాటును, నాలుకపై చేదును తోచి, మరునాడు ఆ బండివైపు చూడకపోవచ్చును. తప్పు ఆకుది గాదు. దానిని మచ్చిక చేసికొను విధము తెలిసినవారి వంటయింటికి మనము పోవలెను.

మా వీథిలోని ఒక పంజాబీ గృహిణి వండుచుండగా నేను దగ్గరనుండి చూచితిని. ఆమె మొదట ఆవకాడలను వేరుచేసి, వాని పైపొరను గోటితో చీల్చి తీసివేసి, లోపలి లేత బొందును ముక్కలు చేసెను. పారవేయుదగిన కాడలని మనమెంచునవి ఆమెకు కూరలోని ప్రధానభాగము. ఆవాకు రెండుపాళ్లు, పాలకూర ఒకపాలు, బథువా అరపాలు తీసికొని, మూడింటిని పలునీళ్లలో కడిగి, సన్నగా తరిగి, అల్లము, వెల్లుల్లి, పచ్చిమిరప, ఉప్పు చేర్చి, కొద్దినీళ్లతో మందపాటి గిన్నెలో సన్నసెగపై ఉంచెను. ఆకు మెత్తబడిన పిమ్మట కొయ్యతో చేసిన మెదుపుడుకఱ్ఱ (అది మన పప్పుగుత్తికి అన్నగారివలె నుండును) పట్టుకొని, కూర్చుండి, తొందరపడక మెదుపసాగెను. మెదుపుచు నడుమనడుమ గుప్పెడు మొక్కజొన్నపిండిని చల్లెను. ఆలణ్ అని వారు పిలుచు ఈ పిండి, ఆకులనుండి ఊరిన నీటిని తనలో నిలుపుకొని కూరకు చిక్కదనము నిచ్చును. ఉడికించిన నీటిని ఆమె ఒక్క చుక్కయైనను వంచి పారబోయలేదు. తుదిని నేతిలో ఉల్లి, అల్లపు తురుము ఎఱ్ఱగా వేచి పైన పోసెను.

ఆ మూడు ఆకులలో బథువా మనకు బొత్తిగా తెలియనిది గాదు. సంస్కృతమున వాస్తూకమనియు, తెలుగున పప్పుకూర యనియు, చక్రవర్తికూర యనియు దానికి పేర్లు కలవు. పంజాబున అది గోధుమచేలలో తనంత మొలచు కలుపుమొక్క. కలుపుమందులు చల్లని చేలలో అది సమృద్ధిగా దొరకును, చల్లిన చేలలో మాడిపోవును. కావున ఈ కూర రుచికి పైరుపచ్చని పొలమెంత అవసరమో, ఆ పొలమునందలి కలుపును అంతయే అవసరము.

ఇక ఆ కలయిక యేల హితకరమో చూతము. ఆవాకు ఘాటునకు మూలము ఆకులోని గంధకముతో కూడిన గ్లూకోసినోలేటులను పదార్థములు. ఆకు చెక్కుచెదరక యున్నంతవఱకు ఇవి ఒక అరలోను, వీనిని విరుగగొట్టు మైరోసినేజు అను కిణ్వము వేఱొక అరలోను ఉండును. కత్తి తగిలి ఆకు తెగగానే రెండును కలిసి, ముక్కుకెక్కు ఆవనూనెఘాటు పుట్టును. పురుగులు తన్ను తినకుండ మొక్క కల్పించుకొన్న ఆత్మరక్షణ యిది. ప్రాచీనవైద్యులు ఈ శాకమును తీక్ష్ణమనియు, ఉష్ణమనియు దూరముంచుటకు ఈ ఘాటే కారణమై యుండునని ఊహింపవచ్చును. ఉడికించినప్పుడు కిణ్వము నశించి తీక్ష్ణత చల్లారును. పాలకూర మెత్తదనము, వాస్తూకపు కమ్మదనము, నెయ్యి యొక్క స్నిగ్ధత దానికి తోడగును. ఈ గంధక పదార్థములనుండి పుట్టు ద్రవ్యములు శరీరము తన విషములను తాను తొలగించుకొను శక్తికి తోడ్పడునని ప్రయోగశాలలలో తేలిన మాట నిజమే గాని, ఈ కూర తిన్నవారికి పుట్టకురుపు రాదని చెప్పుట శాస్త్రము చెప్పని మాట. అట్టి ప్రకటనలను నమ్మరాదు.

ఎముకల విషయమున మాత్రము ఆవాకునకు నిస్సందేహమైన గౌరవము కలదు. పాలకూరలో కాల్షియము విస్తారముగా నున్నదని మనము వినుచునే యుందుము. అమెరికాలో రాబర్ట్ హీనీ, కోనీ వీవర్ అను శాస్త్రజ్ఞులు 1988లో దానిని మనుష్యులపై పరీక్షింపగా, పాలకూరలోని కాల్షియములో నూటికి సుమారు 5 పాళ్లు మాత్రమే ఒంటికి పట్టినవి. పాలలోనిది నూటికి సుమారు 28 పాళ్లు పట్టినది. పాలకూరలో నిండియున్న ఆక్సాలికామ్లము కాల్షియమును బంధించి, కరుగనీయక, మలముతో వెడలింపజేయుటయే దీనికి కారణము. వారే 1990లో ఆవకును క్యాబేజీకిని చుట్టమైన కేల్ అను ఆకును పరీక్షింపగా, అందలి కాల్షియము నూటికి సుమారు 40 పాళ్లు ఒంటబట్టెను. ఆవాకు కూడ ఆక్సాలికామ్లము తక్కువగా గల ఈ కోవలోనిదే. పాలకూర తాను ఇయ్యజాలని కాల్షియమును గిన్నెలో ప్రక్కనున్న ఆవాకు ఇచ్చును. పాలకూర తన వంతుగా ఫోలేటు అను విటమినును, కన్నులకు మేలుచేయు పసుపువన్నె ద్రవ్యములను అందించును. పైగా పంజాబీలు ఈ కూరతో మజ్జిగ త్రాగుదురు. మజ్జిగలోని కాల్షియము ఆక్సాలికామ్లమును ప్రేగులలోనే పట్టి నిలుపుటవలన, మూత్రపిండములలో రాళ్లకు దారితీయు భాగము రక్తమున చేరుట తగ్గును.

ఫోలేటు పేరు తలచినప్పుడు తెలుగువారు ఒక మహానుభావుని స్మరింపక ముందునకు పోరాదు. 1941లో అమెరికాలోని టెక్సాసు విశ్వవిద్యాలయమున మిచెల్, స్నెల్, విలియమ్స్ అను పరిశోధకులు నాలుగు టన్నుల పాలకూరను మథించి, అందుండి అత్యల్పపరిమాణమున ఈ ఫోలేటు కోవకు చెందిన జీవద్రవ్యమును వేరుపఱచి దానికి ఫోలికామ్లమని పేరిడిరి. టన్నుల కొలది ఆకునుండి తీసినచో రోగులకు అందునంత మందు ఏనాటికిని సిద్ధము కాదు. దానిని ప్రయోగశాలలో రసాయనరీతిని నిర్మించు ఘనకార్యము 1945లో లెడర్లీ ప్రయోగశాలలయందు, భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున నెరవేరెను. స్ప్రూ అను సంగ్రహణివంటి ప్రేగువ్యాధి ఆయన సోదరులిద్దరిని బలిగొన్నది. యౌవనమున ఆయనను సయితము పీడించినది. ఏ వ్యాధి తన ఇంటిని గుల్లచేసెనో, ఆ వ్యాధికి తన ప్రయోగశాలలో తయారైన ద్రవ్యము ఔషధమగుట ఆయన జీవించియుండగనే జరిగినది. 1948లో ఆయన కన్నుమూసెను. భీమవరమునకు చెందిన ఆ మనీషి కృషికిని, మారతహళ్ళిలో నేడు గర్భవతికి వైద్యురాలు వ్రాసియిచ్చు ఫోలికామ్లపు మాత్రకును నడుమ నున్న బంధము ఎంతమందికి తెలియునో గదా! గర్భము ధరింపకమునుపే ఆ మాత్ర మొదలిడుట శిశువు వెన్నెముక చక్కగా ఏర్పడుటకు అవసరము. ఆకుకూరలు దానికి తోడు కావలెనే గాని బదులు కారాదు.

ఈ ఫోలేటు ఎండకును, వేడికిని, నీటికిని త్వరగా లొంగునది. కట్టను మధ్యాహ్నపుటెండలో వాడనిచ్చి, తరిగిన తరువాత నానబెట్టి, ఉడికిన నీటిని వంచిపోసినచో సుబ్బారావుగారి కష్టమును తూములో కలిపినట్లే. నీటిని పారబోయని పంజాబీ పద్ధతి ఇచ్చట మెచ్చదగినది. ఐతే గంటలతరబడి ఉడికించుటయందు విటమిన్ సి దాదాపు పూర్తిగను, ఫోలేటు కొంతయు నశించుననుట కూడ చెప్పవలసియున్నది. కుక్కరులో పది పదునైదు నిమిషములుంచి, పిమ్మట మెదిపి, పిండి చేర్చి మరికొంతసేపు మగ్గనిచ్చుట నేటి గృహిణికి వీలైన మధ్యేమార్గము. తినునప్పుడు పైన పిండు నిమ్మరసము పోయిన విటమిన్ సి స్థానమును నింపి, ఆకులోని ఇనుము రక్తమునకు చేరుటకు తోడ్పడును. భోజనమైన వెంటనే టీ త్రాగు అలవాటు ఆ ఇనుమును అడ్డగించును. ఒక గంట యెడమిచ్చుట మంచిది.

కూరకు జోడైన మక్కీ రొట్టెను, అనగా మొక్కజొన్నరొట్టెను గూర్చి చెప్పక యీ ప్రసంగము సగమే యగును. మొక్కజొన్న అమెరికాఖండమునుండి మనదేశమునకు వచ్చిన పంట. దానిలోని నయాసిన్ అను విటమిను బిగుసుకొని యుండి జీర్ణకోశమునకు సులభముగా వశము గాదు. ఆ కొఱతను పూడ్చదగిన ట్రిప్టోఫాన్ అను అమైనామ్లమును అందు స్వల్పమే. మెక్సికోవాసులు సున్నపునీటిలో ఉడికించి ఈ చిక్కును తప్పించుకొనిరి. ఆ కిటుకు తెలియక మొక్కజొన్ననే నమ్ముకొన్న ఐరోపా, అమెరికా పేదలు చర్మము పగిలి, ప్రేగులు చెడి, మతి తప్పు పెల్లాగ్రా వ్యాధికి వేలకొలది బలియైరి. ఈ వ్యాధి మన దక్కను జొన్నసీమలోను ఉండెను. హైదరాబాదునందలి పోషణ పరిశోధనాలయమున గోపాలన్, శ్రీకంఠయ్య గారలు జొన్నలపైననే బ్రతుకు పేదలలో దీనిని గమనించి, జొన్నలోని ల్యూసిన్ అను అమైనామ్లపు ఆధిక్యమునకును దీనికిని గల సంబంధమును 1960లో ప్రకటించిరి. పంజాబీ పళ్లెమున మొక్కజొన్నరొట్టె ఒంటరిగా రాదు. ప్రక్కన ఆకుకూర, దానిపై వెన్న, చేత మజ్జిగ గ్లాసు ఉండును; పాడిలోని మాంసకృత్తులు ట్రిప్టోఫానును తెచ్చియిచ్చును. పాడిపశువులేని పేదయింట ఇదే రొట్టె ఇంత క్షేమకరము కాకపోయెడిదనుట మరువరాదు.

వెన్న విషయమున ఒకమాట. ఆకులోని బీటాకెరోటిను కొవ్వులో కరగునే గాని నీట కరగదు. కొంచెము నెయ్యియైనను లేని ఆకుకూరనుండి అది ఒంటికి ఎక్కుట కష్టము. దీనికి ఒక చెంచాడు చాలును. తెల్లవారుజామున నాగలి పట్టిన రైతునకు ముద్దెడు వెన్న అరిగినది. దినమంతయు కుర్చీలో కూర్చుండి, రాత్రి పదిగంటలకు ఫోనులో భోజనము తెప్పించుకొను యువకునకు ఆ ముద్దయే భారమగును. హోటళ్లలో ఈ కూర పేరిట వచ్చు పాత్రలో వెన్న, మీగడ మిక్కుటమై, ఆకులలో చవుకైన పాలకూరయే అధికమై, ఆవాకు నామమాత్రమై యుండుట కద్దు. అట్టిది రుచికి సరియే గాని, పైన చెప్పిన గుణములను దానికి ఆరోపింపరాదు.

నిజమునకు ఈ పాకము మర్మము మనకు క్రొత్తది గాదు. రాయలసీమలో నాలుగైదు ఆకులను చింతపండు, పచ్చిమిరపతో ఉడికించి పప్పుగుత్తితో ఎనిపి, సంగటిముద్దతోనో జొన్నరొట్టెతోనో తిను పుల్లగూర దీనికి తోబుట్టువే. కన్నడసీమ పల్లెలలో పొలముగట్లపై ఏరిన పలురకముల ఆకులను కలిపి బెరకె సొప్పు అని వండుదురు. జహీరాబాదు ప్రాంతపు స్త్రీలు విత్తకయే చేలలో మొలచు ఆకుకూరలను డజన్లకొలది పేరుపేరున ఎరుగుదురు. బంకలేని పిండిని వేడినీటితో కలిపి, అంచులు పగులకుండ అరచేత తట్టు నేర్పు జొన్నరొట్టె చేయు అవ్వకు తెలిసినదే. ఆమె చేతికి మొక్కజొన్నపిండి నిచ్చిన ప్రత్యేకముగ నేర్పవలసిన పనియుండదు. దినమునకు మనిషి 100 గ్రాముల ఆకుకూర తినుట మేలని జాతీయ పోషకాహార సంస్థ చెప్పుచుండగా, మారతహళ్ళి హాస్టళ్లలో నుండు మన పిల్లల కంచములలో కొత్తిమీర రెబ్బలు తప్ప ఆకు కానరాకుండుట నాకు నిజముగా బాధ కలిగించును. మెస్సులు నడపువారు వారమునకు రెండునాళ్లు పుల్లగూరయో సాగో వడ్డించినచో ఎంతటి మేలు!

గోదావరి జిల్లాలలో తోటకూరకాడలకు ఆవ పెట్టుదురు. అనగా కూర దించినతరువాత పచ్చి ఆవపిండి ముద్దను కలుపుదురు. ఉడికిన ఆకులో నశించిన మైరోసినేజు కిణ్వము పచ్చి ఆవపిండిలో సజీవముగా నుండును. ఉడికిన బ్రోకలీపై ఆవపిండి చల్లినప్పుడు సల్ఫరాఫేన్ అను హితద్రవ్యము మిక్కిలిగా పుట్టుట శాస్త్రజ్ఞులు పరీక్షించి చూచిరి. పంజాబు కూరకు గోదావరి ఆవ చేర్చుట రుచికిని, గుణమునకును మంచిదే యగునని నా తలంపు. కూర కొంచెము చల్లారిన పిమ్మటనే కలుపవలెను.

అందఱకును ఇది ఒకేరీతిని తగదు. ఆవాకున రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు విటమిన్ కె దినమునకు కావలసినదానికి ఎన్నోరెట్లు ఉండును. గుండెకవాటము మార్పించుకొని రక్తము పలుచనచేయు వార్ఫరిన్, అసిట్రోమ్ వంటి మందులు వాడువారు దీనిని ఒకనాడు విస్తారముగా తిని, మఱి పదినాళ్లు మానివేయుట ప్రమాదకరము. వైద్యునితో చెప్పి, తినినచో ఎల్లప్పుడు ఒకే కొలతగా తినవలెను. మూత్రపిండములలో రాళ్లు గలవారు పాలకూరను, బథువాను తగ్గించి, ఆవాకు, మెంతికూర పాళ్లు హెచ్చించుకొనుట మేలు. థైరాయిడు తక్కువగా గలవారు పచ్చి ఆకురసములు త్రాగరాదు. అయొడీనుప్పుతో ఉడికించిన కూర మితముగా తినిన భయములేదు.

అన్నిటికంటె ఎక్కువగా మారతహళ్ళివారు ఆలోచింపవలసిన సంగతి ఆ యాకు ఏ నీట పెరిగినదనుట. మనకు కూతవేటు దూరమున బెళ్ళందూరు చెఱువు, దాని నీరు పారి చేరు వర్తూరు చెఱువు ఉన్నవి. నగరపు మురుగు చేరి ఆ చెఱువులు తెల్లని నురుగు కక్కుటయు, 2015లోను, 2017లోను బెళ్ళందూరు చెఱువుపై నిప్పంటుకొనుటయు లోకమంతయు చూచినది. ఇట్టి చెఱువుల నీటితో పండించిన కూరగాయలలో సీసము, కాడ్మియము వంటి లోహములు మితిమీరియుండుటను శాస్త్రజ్ఞులు గుర్తించి యున్నారు. ఆవమొక్కకు ఈ విషయమున ఒక విశేషస్వభావము కలదు: నేలలోని లోహములను వేళ్లతో లాగి కాడలలోను, ఆకులలోను నిలువచేసికొనుటలో అది తక్కిన పైరులకంటె సమర్థము; అందుచేతనే పాడైన నేలలను శుద్ధిచేయుటకు ఆవను నాటి చూచిరి. నేలకు మేలుచేయు ఆ గుణమే తినువానికి కీడుచేయును. ఉప్పునీట కడిగినచో మట్టియు, కొన్ని క్రిములును పోవును గాని, ఆకులోపలికి చేరిన లోహము పోదు. కావున బండివానిని ధర అడుగుటకుముందు ఊరు అడుగవలెను. బావినీట పండించు తోటలనుండి తెచ్చువారిని ఎరిగి, వారివద్దనే కొనవలెను.

అది కుదరనివారికి వేఱొక ఉపాయము కలదు. పోపులపెట్టెలోని ఆవాలే విత్తనములు. అక్టోబరు నెలాఖరున, ఎండ తగులు బాల్కనీలో, జానెడు లోతుగల తొట్టెలో శుభ్రమైన ఎఱ్ఱమట్టియు, పశువుల ఎరువును సమముగ కలిపి నింపి, చిటికెడు ఆవాలు చల్లి, పైన పలుచగా మట్టి రాల్చి, నీటిని చిలుకరించినచో నాలుగైదు దినములలో మొలకలు తోచును. దట్టముగా మొలచినవానిని ఏరి పచ్చడిలోనో పెరుగులోనో వాడుకొని, తక్కినవానికి నాలుగంగుళముల యెడమిచ్చి పెంచినచో, నాలుగైదు వారములకు ఆకులు కోతకు వచ్చును. మొక్కను పెరుకక, వెలుపలి ఆకులను మాత్రము గిల్లుచుండినయెడల ఒక్కొక తొట్టె పలుమారులు ఆకునిచ్చును. ఫిబ్రవరిలో ఎండ ముదిరి పూత పట్టినంతనే ఆకు చేదెక్కును గనుక, అంతకుముందే తుదికోత ముగింపవలెను.